జంబన్న పేరు మీద వచ్చిన కార్డులు

మా ఇంటికీ హంపమ్మ ఇంటికీ మధ్య ఒకే గోడ. అటువైపు దగ్గితే ఇటువైపు వినిపిస్తుంది. వినిపించనిది ఏమైనా ఉంటే వెళ్ళి అడుగుతాను. అందుకే ఆమె గురించి రాయమంటే నాకు వెతుక్కోవలసిన పని లేదు. నేను చదివింది నాలుగో తరగతి వరకే. రాతలో తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

హంపమ్మ పుట్టింది మట్మారిలో. అమ్మానాన్నలది కూలి పని. పెళ్ళయ్యాక గిల్లేసూగూరుకు, అక్కడి నుంచి భర్త జంబన్న వెంట రాయచూరుకు వచ్చింది. జంబన్నది ఎద్దుల బండి. పల్లెల నుంచి పత్తి మిల్లులకు పత్తి బోరాలు తోలేవాడు. హంపమ్మ మిల్లు గేటు ఎదుట నాలుగు రేకులు కప్పుకుని, పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఇప్పటికీ అదే పని. రొట్టె మీద పుంటికూర, పక్కన ఎర్రకారం, పచ్చి ఉల్లిగడ్డ. మిల్లు హమాలీలు ఎండలో నిలబడే తిని పోతారు.

భార్యాభర్తలిద్దరికీ ఒక్క విషయంలో అసలు పొసగేది కాదు. హంపమ్మకు అప్పంటే భయం. గిర్నీకి జొన్నలు పట్టించడానికి పోతే సంచి నెత్తి మీద నుంచి దించకముందే పైసలు చేతిలో పెట్టేది. మా ఇంట్లో గుప్పెడు ఉప్పు తీసుకుంటే చీకటి పడేలోగా తిరిగి పోసేది. జంబన్న అట్లా కాదు. ఎవరినైనా నవ్వుతూ అడిగేవాడు, ఉన్నప్పుడు నవ్వుతూ ఇచ్చేవాడు. "అడగనోనికి ఎవరిస్తరే? అడిగితెనే గద మనుషులు తెలుస్తరు" అనేవాడు భార్యతో. ఆమె మూతి తిప్పుకునేది.

తుంగభద్ర కాలువ పనులు జోరుగా సాగుతున్న కాలంలో మాన్వి వైపు రాళ్ళు తోలే బండ్లకు మంచి కూలి ఇస్తున్నారని తెలిసి జంబన్న కూడా తమ్ముడు తిమ్మన్నను వెంటబెట్టుకుని పోయాడు. ఒక ఎద్దు ముసలిదైపోయింది. కొత్తది కొనడానికి మా బజారులో పశువుల దాణా, గానుగ పిండి అమ్మే బసవప్ప దగ్గర నూట యాభై రూపాయలు తీసుకుని ప్రోనోటు రాసిచ్చాడు. ఎద్దును గబ్బూరులో కొన్నాడు. తెల్లటిది, మంచి ఎద్దు. దాంతో రెండేళ్ళు కాలువ కాడ పని చేశాడు. నెలకో రెండు నెలలకో ఇంటికొచ్చేవాడు. తర్వాత జ్వరం పట్టుకుంది. బండిలో పడుకోబెట్టి తెచ్చారు. వారం తిరగకముందే పోయాడు.

మా గల్లీలో ఒక పద్ధతి ఉంది. ఇది మనదో, పక్క గల్లీ సాయిబుల దగ్గర నేర్చుకున్నదో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. మనిషి పోయిన పదకొండో నాడు అందరూ భోజనాలు చేశాక, ఇంటి పెద్ద వాకిట్లో నిలబడి అడుగుతాడు: "పోయినోడు ఎవరికైన బాకీ ఉన్నడా? ఉంటే ఇప్పుడే చెప్పున్రి." బాకీ రావలసినవాళ్ళు చెబుతారు. ఇంటివాళ్ళు ఇవ్వగలిగితే అక్కడే ఇస్తారు, లేకపోతే గడువు అడుగుతారు. డబ్బు ముట్టినాక అప్పిచ్చినవాడు ఇంటివాళ్ళ చేతిలో ఆకు, వక్క పెడతాడు. అంతే, బాకీ తీరిపోయింది. అందరూ చూశారు. ఆ తర్వాత దాని మాట ఎత్తితే తిన్న అన్నానికి అవమానం చేసినట్లే.

జంబన్న పదకొండో నాడు తమ్ముడు తిమ్మన్న అట్లా అడిగితే బసవప్ప లేచి నూట యాభై, దాని మీద వడ్డీ సంగతి చెప్పాడు. హంపమ్మ కాళ్ళ వెండి కడియాలు అప్పటికే అమ్మి పెట్టుకుంది. కొంగు ముడి విప్పి ఇచ్చేసింది. బసవప్ప వడ్డీలో కొంత వదిలేశాడు కూడా. ఆమె చేతిలో ఆకూ వక్కా పెట్టి, "కాయిదం దుకాన్ల పెట్టెల ఉన్నదమ్మా, రేపు చింపేస్త" అన్నాడు. ఆ కాగితం తెచ్చి మా ముందరే చింపు అని ఆ రోజు ఎవరమూ అనలేదు. ఆకు చేతికొచ్చాక ఇంకా కాగితం గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఎద్దులు, బండి తిమ్మన్న గిల్లేసూగూరుకు తోలుకుపోయాడు. సేద్యానికీ, బాడుగలకూ వాడుకుని నెలనెలా వదినెకు ఇంత అని ఇచ్చే ఒప్పందం. రొట్టెల మీద వచ్చేదీ, ఎద్దుల మీద వచ్చేదీ కలిపి హంపమ్మ బతుకు సాగిపోతోంది. బసవప్ప కూడా ఏడాదికి పోయాడు. కొడుకు దుకాణం మూసి హుబ్బళ్ళి వైపు వెళ్ళిపోయాడు.

మొదటి కార్డు వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకు, ఎండాకాలంలో. పోస్టుమ్యాన్ హనుమన్న మా గల్లీలో కార్డులన్నీ బయటే చదువుతాడు. అది అతని మంచితనం. చదవడం రానివాళ్ళే ఎక్కువ. ఎవరి కూతురు నీళ్ళాడిందో, ఎవరి అల్లుడు వస్తున్నాడో అందరం ఒకేసారి వింటాం. ఆ రోజు కూడా సైకిలు దిగి, కన్నడంలో ఉన్న కార్డును గట్టిగా మొదలుపెట్టాడు. గతించిన జంబన్న చేసిన బాకీ హక్కు తమకు దఖలు పడిందట. అసలు, వడ్డీ కలిపి రెండు వందల నలభై. పదిహేను దినాలలో కట్టకపోతే ఇంటి సామాను, పశువులు జప్తు. సగం చదివాక హనుమన్న గొంతు తగ్గించాడు. కానీ వినవలసినవాళ్ళందరూ వినేశారు.

"ఎవరు రాసిన్రు?" అని నేను అడిగాను.

"ఏదో వసూలు కంపెనీ అంట అత్తా. కింద రబ్బరు ముద్ర ఉన్నది, అది సరిగ పడలే."

"బాకీ ఎవరికంట?"

"అది రాయలే."

కార్డు నేను తీసుకుని చదివాను. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గర చుట్టాలే కాబట్టి నిదానంగా కూడబలుక్కుంటాను. నిజంగానే ఎవరికి బాకీ అన్నది ఎక్కడా లేదు. కార్డు మీద మాటలన్నీ అచ్చు. పేరు, అంకెలు మాత్రమే సిరాతో నింపి ఉన్నాయి. ఎన్ని ఇళ్ళకు ఇట్లాంటివి పోతున్నాయో అనుకున్నాను.

హంపమ్మ కార్డు తీసుకుని రెండుగా మడిచి, రవికెలో దోపుకుని లోపలికి పోయింది. ఆ పూట గోడకు అటువైపు పొయ్యి ఊదిన చప్పుడు కూడా లేదు.

బసవప్ప బాకీ అయిపోయింది. అది అందరి ముందరా తీరింది. కాబట్టి ఇది వేరేది. ఆమె లెక్క అది. మా అందరి లెక్కా అదే. అయితే ఎవరికి? ఎందుకు? అక్కడి నుంచి మనుషుల బుర్రలు ఎటు పోతాయో మీకు తెలియనిది కాదు. ఎదురింటి రంగవ్వ నీళ్ళ కొళాయి దగ్గర అననే అంది: "రెండేండ్లు కాలువ కాడ ఉన్నడు. ఆడ ఎందరెందరో ఉంటరంట. మొగోడు ఒక్కడే ఉంటే ఖర్చులు ఊరికెనే అయితయా?"

"రంగవ్వా, నీ మొగుడు ఇంట్లనే ఉండి తాగి తగలేసిండు గద, దానికేమంటవ్?" అన్నాను. అందరూ నవ్వారు. రంగవ్వ కూడా నవ్వింది. కానీ ఆ మాట హంపమ్మ చెవిన పడనే పడింది. ఆమె బిందె నెత్తిన పెట్టుకుని ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కార్డులు వరసగా వచ్చాయి. హనుమన్న చదవడం మానేసి, తలుపు సందులోంచి లోపలికి జారవిడిచేవాడు. ఆమె గోడ మీద నుంచి నా చేతికి అందించేది. ప్రతి కార్డుకూ బాకీ పెరిగేది. ఒకసారి 'ఉత్తరాల ఖర్చు' అని నాలుగు రూపాయలు. ఆరు పైసల కార్డుకు నాలుగు రూపాయలేమిటో! ఇంకోసారి 'గుమాస్తా రానుపోను ఖర్చు'. మా గల్లీలోకి కొత్త మనిషి అడుగుపెడితే నాకు తెలియకుండా ఉంటుందా? ఏ గుమాస్తా రాలేదు, పోలేదు. మరొకసారి 'వకీలు నోటీసు ఫీజు' పన్నెండు రూపాయలు. నోటీసు మాత్రం ఎక్కడా లేదు. చివరికి మూడు వందలు దాటింది.

"ఇది చదువుతుంటే నాకు నవ్వొస్తున్నది హంపమ్మా. వీళ్ళు రాసింది చదివినందుకు గూడ పైసలడిగెటట్టున్నరు" అన్నాను ఒకరోజు.

ఆమె నవ్వలేదు. "ఎంతైతే అంత. కట్టేస్త."

"ఎట్ల కడ్తవ్?"

"తిమ్మన్నకు కబురు పంపిన. ఎద్దుల్ని తోలుకొస్తడు. సంతల అమ్మేస్త."

నేను గోడ మీద నుంచి తల పూర్తిగా అటు పెట్టాను. "ఎద్దులమ్మితే తర్వాత ఏం తింటవే? ఒట్టి రొట్టెల మీద ఇల్లు గడుస్తదా? ముందుగాల బాకీ ఎవరికో అడుగుదాం. జవాబు రాద్దాం. నేను రాస్త."

"ఒద్దక్కా."

"ఎందుకొద్దు? అడిగితే తప్పా?"

ఆమె పొయ్యిలో కట్టె ముందుకు తోసి, పొగకు కళ్ళు మూసుకుని అన్నది: "అడిగితే చెప్తరు గద. చెప్తే నేను ఇనాలె గద."

అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. జంబన్న పోయాక కూడా ఆమె నోట అతని పేరు రోజూ వచ్చేది. కూరలో ఉప్పు ఎక్కువైతే, "ఆయనుంటే గిన్నె ఇసిరేస్తుండె" అనేది. వాన పడితే, "ఆయన ఎద్దులకు గోనెపట్ట కప్పి తాను తడుస్తుండె" అనేది. తిట్టుకుంటూనే తలుచుకునేది. మూడో కార్డో నాలుగో కార్డో వచ్చినప్పటి నుంచి ఆ పేరు నేను వినలేదు. తనకు చెప్పకుండా ఏ అప్పు చేశాడు, ఎవరి కోసం చేశాడు, కాలువ కాడ అతనికి ఇంకో పొయ్యి ఉండేదా అని ఆమె లోపల లోపల తిప్పుకుంటోంది. ఎవరినీ అడగదు. అడగకుండా ఎద్దులమ్మి కట్టేస్తే ఆ జవాబు వినే పని ఉండదు. అదీ ఆమె ఆలోచన. ఎద్దులు పోతాయి, ఆ అనుమానం మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. అది నాకు తెలుస్తోంది.

మిల్లుకు సెలవున్న ఒక బుధవారం నాడు వసూలు మనిషి స్వయంగా వచ్చాడు. వయసులో ఉన్నవాడే. తెల్ల చొక్కా, చంకలో తోలు సంచి, నుదుటి మీద చెమట. పేరు ప్రహ్లాద్ అని చెప్పుకున్నాడు. హంపమ్మ ఇంటి ముందరి అరుగు మీద కూర్చుని నీళ్ళడిగాడు. ఆమె నీళ్ళిచ్చి, వేడి రొట్టె కూడా పెట్టింది. ఇంటికొచ్చినవాడు జప్తు చేయడానికి వచ్చినా రొట్టె పెడుతుంది ఆమె. నేను నా వాకిలి ఊడవడం ఆపి అక్కడే కూర్చున్నాను. రంగవ్వ, మరో ఇద్దరు ముగ్గురు కూడా వచ్చారు.

ప్రహ్లాద్ చాలా మెత్తగా మాట్లాడాడు. "అమ్మా, నేను మీకు మంచి చేద్దమని వచ్చిన. మూడొందలు ఒక్కసారి ఇమ్మంటే యాడ తెస్తరు? నాకు తెల్వదా? ఇయ్యాల ఒక అయిదు రూపాయలియ్యున్రి. ఈ కాయిదం మీద ఒక వేలిముద్ర. చాలు. మిగిలింది నిమ్మళంగ చూసుకుందం."

సిరా దిండు అప్పటికే సంచిలోంచి బయటికి తీశాడు.

మూడు వందలకు జప్తు అన్నవాడు ఐదు రూపాయలకు ఎందుకింత సంతోషపడుతున్నాడో నాకు అంతు పట్టలేదు. ఐదు రూపాయల కోసం ఇంత ఎండలో ఇంత దూరం వచ్చాడా? మరి ఇతనికి కావలసింది ఐదు రూపాయలా, వేలిముద్రా?

"నాయినా, ఆ కాయిదంల ఏం రాసుంది?" అన్నాను.

"ఏం లేదమ్మా, బాకీ ఉన్నదని ఒప్పుకున్నట్టు."

"ఏ బాకీ?"

"జంబన్న గారి బాకీ."

"గది తెలుసు. ఎవరికి?"

"అసలు కాయిదం ఆఫీసుల ఉంటదమ్మా."

"గుమాస్తా రానుపోను ఖర్చని రాసినవ్. ఇయ్యాల గద నువ్వు మొదటిసారి వచ్చింది?"

"అవి ఆఫీసుల పద్ధతి ప్రకారం రాసుకుంటరమ్మా."

"రాకముందే రానుపోను, నోటీసియ్యకముందే నోటీసు ఫీజు. రొట్టె తినకముందే మేము నీ దగ్గర పైసలడిగినమా?" అన్నది రంగవ్వ. ప్రహ్లాద్ నోట్లో ముద్ద పెట్టుకోబోయి ఆగాడు. పాపం, అతనికీ నవ్వొచ్చినట్లుంది. "నేను నౌకరి చేసెటోన్ని అవ్వా. లెక్క రాసేది నేను కాదు" అన్నాడు.

హంపమ్మ గడపలో నిలబడి సిరా దిండు వైపే చూస్తోంది. బొటనవేలిని పక్క వేలికి రాసుకుంటోంది. ఇక వేసేస్తుందేమో అనుకున్నాను. పట్టుకుని ఆపుదామా అనిపించింది. కానీ ఆ బాకీ ఆమెది, ఆ మొగుడు ఆమె మొగుడు. నా చేతిని నేనే పట్టుకుని కూర్చున్నాను.

ఆమె వచ్చి అతనికి ఎదురుగా కింద కూర్చుంది.

"అయిదు కాదయ్యా. ఎద్దులు వస్తున్నయ్, అమ్మి మొత్తం ఇస్త. ఒక్క మాట చెప్పు. ఆయన ఎవరి దగ్గర తీస్కున్నడు? యాడ తీస్కున్నడు? ఆడమనిషైనా చెప్పు, ఎవరైనా చెప్పు. ఈళ్ళంత ఇన్నా ఫరవాలేదు."

రంగవ్వ తల దించుకుంది.

మొత్తం ఇస్తానన్న మాట ప్రహ్లాద్ చెవుల్లో పడింది. ఆఫీసులో ఉందన్న కాగితం సంచి అడుగు నుంచి బయటికొచ్చింది. పసుపు పచ్చ కాగితం మీద చేతితో రాసింది. ఆమెకు చదవడం రాదు కాబట్టి నాకిచ్చింది.

"గట్టిగ చదువక్కా," అన్నది.

చదివాను. ఫలానా తారీఖున, ఎద్దు కొనుగోలు నిమిత్తం, నూట యాభై రూపాయలు, దాణా దుకాణం బసవప్ప వద్ద…

హంపమ్మ నా మోకాలు పట్టుకుంది. "మళ్ళ చదువు. ఎవరి దగ్గర?"

"బసవప్ప దగ్గర. ఎద్దు కోసం. అదేనే, మన బసవప్ప. నువ్వు కట్టేసిన బాకీ."

"ఇంకేం లేదా? కింద ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు. నీ మొగుని వేలిముద్ర ఉన్నది."

ఆమె కాగితం లాక్కుని, ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది. "ఇంతేనా?" అంది. ఇంకోసారి "ఇంతేనా?" అంది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసి ఉండదు. ఆ తర్వాత లేచి నిలబడింది. నాకు తెలిసిన హంపమ్మ నిలబడింది.

"అయ్యా, ఇది తీరిపోయిన బాకీ. పదకొండో నాడు ఇదే వాకిట్ల పైసలిచ్చిన. బసవప్ప నా చేతుల ఆకు పెట్టిండు. ఈళ్ళంత తిన్నరు, చూసిన్రు."

"రసీదు ఉన్నదా అమ్మా?"

"ఆకు పెట్టిండంటున్న గద."

ప్రహ్లాద్ మొదటిసారి గొంతు పెంచాడు. "అమ్మా, ఆకు కోర్టుల చెల్లదు. ఆకు నేను ఫైలుల పెట్టలేను. కాయిదం మా దగ్గరుంది. బసవప్ప కొడుకు పెట్టెలున్న కాయిదాలన్ని మాకు అమ్మిండు. చింపని కాయిదం అంటే తీరని బాకీ, అంతే."

అతను చెప్పింది అబద్ధం కాదు. ఎన్నో ఇళ్ళలో ఎన్నో పదకొండో నాళ్ళు అయిపోయాయి. ఎందరి పెట్టెల్లో ఎన్ని కాగితాలు చింపకుండా ఉండిపోయాయో! మేము ఆకు చూసుకుని ఇళ్ళకు వెళ్ళిపోయిన వాళ్ళం.

హంపమ్మ మాత్రం కదలలేదు. "చెల్లకపోతే చెల్లకపోనియ్యి. నువ్వు కోర్టుకు పో. నేను గూడ వస్త. ఈళ్ళంత వస్తరు. అన్నం తిన్నోళ్ళందర్నీ జడ్జిగారే అడుగుతడు. అంతవరకు ఈ వేలు నీ సిరాల పెట్ట."

"పైసలన్న—"

"పైస గూడ ఇయ్య. రొట్టె తిన్నవ్ గద, దానికి పైసలొద్దు. పో నాయినా, ఎండ ముదురుతున్నది."

అతను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ, "జప్తు వస్తే నన్ననొద్దు" అన్నాడు. మాటలో పస లేదు.

మరునాడు నేనూ ఆమె కచేరీ ముందర అర్జీలు రాసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. సంగతి విని ఆయన మొదట అడిగింది ఒక్కటే: "వేలిముద్ర వేసినవా?" లేదంటే హమ్మయ్య అన్నాడు. పాత ప్రోనోటుకు మూడేళ్ళు దాటితే కోర్టులో బలం పోతుందట. బాకీ ఉందని కొత్తగా ఒప్పుకుని వేలిముద్ర వేసినా, ఐదు రూపాయలిచ్చి రాయించుకున్నా ఆ గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కకొచ్చే చిక్కు ఉందట. నాకు అప్పుడు అర్థమైంది ఆ ఐదు రూపాయల మంచితనం.

జవాబు ఆయన కన్నడంలో రాశాడు. ఏం రాయాలో చెప్పింది మేమే. ఈ బాకీ నేను ఒప్పుకోను. ఇది తీర్చేశాను, చూసినవాళ్ళు ఉన్నారు. అసలు కాగితం మీకు ఎట్లా వచ్చిందో, ఏ ఖర్చు ఏ తారీఖున ఎందుకు వేశారో రాసి పంపండి. ఇకమీదట రాసేదేదైనా కవరులో పెట్టి రాయండి. ఆఖరిది హంపమ్మ చెప్పిన మాట. పెద్దాయన కలం ఆపి, "అది అవసరమా తల్లీ?" అన్నాడు. "అదే మొదలు రాయాలె" అన్నది ఆమె. రిజిస్టరు చేసి పంపాం. జవాబు అందినట్లు సంతకంతో రసీదు తిరిగొచ్చింది. దాన్ని మాత్రం ఆమె పసుపు డబ్బాలో దాచింది.

ఆ తర్వాత ఒక్క కార్డు వచ్చింది, అంకె ఇంకా పెంచి. మేము అడిగిన దేనికీ జవాబు లేదు. ఆపైన రాలేదు. కోర్టు నుంచి కూడా ఏమీ రాలేదు. అయినా కొన్ని నెలల పాటు సైకిలు గంట వినిపిస్తే ఆమె చేతిలో రొట్టె ఒక్క క్షణం ఆగేది. పక్క గల్లీలో ఒక ముసలాయన మాత్రం ఐదు రూపాయలిచ్చి వేలిముద్ర వేశాడని తర్వాత తెలిసింది. ఆయన ఇంకా కడుతున్నాడు. ముందే వెళ్ళి చెప్పి ఉండవలసిందని హంపమ్మ ఇప్పటికీ అంటుంది.

జవాబు పంపిన వారంలోనే, శనివారం పొద్దున, తిమ్మన్న ఎద్దుల్ని తోలుకుని వచ్చాడు. కబురు అందగానే బయలుదేరాడు. ఇక్కడ ఏం జరిగిందో అతనికి తెలియదు. సంతలో మంచి ధర రావాలని ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగు పూసి తెచ్చాడు. ముఖం మాత్రం వాడిపోయి ఉంది.

"వదినె, ఇంకోసారి ఆలోచన చెయ్యి. ఇవి పోతే నా సేద్యం గూడ పోతది" అన్నాడు బండి దిగకముందే.

"దిగు ముందు. అమ్మెటట్టు లేదు. తోలుకపో."

జరిగిందంతా నేను చెప్పాను. హంపమ్మ చెప్పనిచ్చింది కానీ మధ్యలో నాలుగుసార్లు సరిదిద్దింది. అంతా విని తిమ్మన్న తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి ముఖం తుడుచుకున్నాడు.

ఆమె అతనికి రొట్టె పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది: "తిమ్మన్నా, కాలువ కాడ ఆయనతోని నువ్వు గూడ ఉంటివి గద. ఆడ ఏం చేస్తుండె మీ అన్న? నేను ఎన్నడు అడగలే."

తిమ్మన్న ఆమె ముఖంలోకి చూశాడు. "ఏం చేస్తడు వదినె? పగలు రాళ్ళు, పొద్దుగూకితే వంట. అన్నం మాడ్చి పెడుతుండె. మేము తిడితే, వచ్చే నెల హంపమ్మను తోలుకొస్త, అప్పటిదాంక నోరు మూసుకోని తినున్రి అంటుండె. ప్రతి నెల అదే మాట."

"నన్నెన్నడు తోల్కపోలే."

"ఎండల తట్టుకోదని మళ్ళ ఆయనే అంటుండె."

"ఎండంట! పొయ్యి ముందర కూసునేదాన్ని నేను. ఆయనకు ముందు నుంచి అంతే, చెప్పేదొకటి చేసేదొకటి" అన్నది హంపమ్మ. అనగానే ఆ మాట వెనక ఇంకో మాట వచ్చింది, దాని వెనక ఇంకోటి. ముసలి ఎద్దును అమ్మనని జంబన్న ఒక రోజంతా అన్నం మానేసిన సంగతి, గబ్బూరు నుంచి తెల్ల ఎద్దును నడిపించుకొస్తూ దారిపొడవునా దానితో మాట్లాడిన సంగతి. పేరు పెట్టి తిట్టింది, పేరు పెట్టి నవ్వింది. నేను గోడకు ఆనుకుని వింటూ కూర్చున్నాను.

తిమ్మన్న చెయ్యి కడుక్కుని లేచి, ఎద్దుల తాళ్ళు విప్పబోయాడు.

"ఆగు" అన్నది హంపమ్మ. "రెండు నెల్ల పైసలు రాలే నీ కాడి నుంచి."

"శేంగలు అమ్ముడు పోనీ వదినె." తిమ్మన్న తల గోక్కున్నాడు. తర్వాత పళ్ళు బయటపెట్టి నవ్వాడు. "ఇయ్యకపోతే నువ్వు గూడ కార్డు రాస్తవా ఏంది?"

"కార్డెందుకు? ఇట్ల ముఖం చూసి అడుగుత. ఇంట్ల పెండ్లామున్నప్పుడొచ్చి అడుగుత."

తిమ్మన్న గబగబా తువ్వాల కొంగు ముడి విప్పి సగం ఇచ్చాడు. మిగిలింది వేరుశనగ అమ్ముడయ్యాక ఇస్తానన్నాడు. సరేనంది. ఎద్దులు మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడి, "ఓ తిమ్మన్నా, తెల్లదాని ఎడమ కాలు చూసుకో, ఇంత కుంటుతున్నది" అని అరిచింది. అక్కడి నుంచి అతను ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆమె మాత్రం విని, నవ్వుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.